ఆర్మ్ పోతే ప్లేయరు పోయినట్టు కాదండీ

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాత రికార్డు ప్లేయర్ల మీద వేసిన వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి. కానీ అందులో రెండు మాటలు నాకు మింగుడుపడలేదు. టోన్ ఆర్మ్, అంటే రికార్డు మీద ముల్లుని మోసే చెయ్యి, పాడైన ప్లేయర్ని షోకేసులో పెట్టుకోవడం తప్ప చేసేదేమీ లేదన్నారు. బాగుచేసేవాళ్ళు గోదావరి జిల్లాల్లో మిగల్లేదు, చెన్నైకో బెంగళూరుకో పంపాల్సిందే అని కూడా రాశారు. మొదటిది తప్పు. రెండోది మరీ తప్పు. ఎందుకో చెబుతాను. ఉత్తరం కాస్త పొడుగవుతుంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత సోది కత్తిరించండి, కొలతలు మాత్రం ముట్టుకోకండి.

నాది పాలకొల్లులో లేత్ షాపు. రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ల షాఫ్టులు, రైస్ మిల్లు పుల్లీలు, మోటార్ల బుష్షులు, ఇదీ మా తిండి. సంగీతం గురించి నాకు తెలిసింది తక్కువ. ఇనుము గురించి కాస్త తెలుసు.

మా ఊళ్ళో ఒక డాక్టరమ్మ గారున్నారు. ప్రాక్టీసు మానేసి చాలా కాలమైంది. పెద్ద చదువుకి ఇంగ్లండ్ వెళ్ళి, తిరిగొస్తూ అక్కడినుంచి ఒక గోల్డ్‌రింగ్ లెన్‌కో జీఎల్ 75 తెచ్చుకున్నారు. అది చేసింది స్విట్జర్లాండ్‌లో లెన్‌కో కంపెనీ. ఇంగ్లండ్‌లో గోల్డ్‌రింగ్ వాళ్ళు తమ పేరు ముందు తగిలించి అమ్మేవారు. 1960ల చివర్లో వచ్చిన మోడలు. ఆవిడ దగ్గర మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి ఎల్పీలు, వాళ్ళ నాన్నగారు కొన్న నాటక పద్యాల 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు; ఎల్పీలు 33 చుట్లవి) ఒక బీరువా నిండా ఉన్నాయి.

ఆర్మ్ ఊగుతోందని కొన్నేళ్ళ కిందట ఆ ప్లేయర్ని ఒక పెద్ద ఊళ్ళో షాపుకి పంపించారట. వాళ్ళు ఆర్మ్ బేరింగు దగ్గర గమ్ము పోసేసి, ముల్లు ఎగిరిపోతోందని ఆర్మ్ కొసన ముల్లుండే హెడ్ మీద పావలా బిళ్ళ అంటించి, పైగా బిల్లు వేసి మరీ పంపారు. దాదాపు మూడు గ్రాముల బిళ్ళ అది. రెండు గ్రాముల ఒత్తిడితో నడవాల్సిన ముల్లు మీద ఇంకో మూడు గ్రాములు మోపితే ఎగరదు నిజమే, గాడిని దున్నేస్తుంది. ఈ పావలా వైద్యం మన జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో చూశాను. దయచేసి ఎవరింట్లోనైనా ఉంటే ఇవాళే పీకెయ్యండి.

తర్వాత పాత సామాన్లు కొనే మనిషి ఒకాయన వచ్చి, హైదరాబాద్‌లో ఏదో హోటల్లో అలంకారానికి కావాలని బేరం పెట్టాడు. అప్పుడు ఆవిడ నాకు కబురు పంపారు. "అబ్బాయ్, ఇది బతికుందో లేదో నువ్వు చూసి చెప్పు. బతికుంటే ఉంచుతాను, లేదంటే ఇచ్చి పంపేస్తాను" అన్నారు. చూస్తానండీ అని ఆటోలో వేయించుకుని షాపుకి తెచ్చాను.

లెన్‌కోలో రికార్డు పెట్టే పళ్ళెం నాలుగు కిలోల బరువు. బెల్టు ఉండదు. మోటారు షాఫ్టు ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా కోసి ఉంటుంది. దాని మీద నిలువుగా నిలబడ్డ రబ్బరు చక్రం ఒకటి పళ్ళేన్ని కింది నుంచి ఒత్తుకుని తిప్పుతుంది. లివరు జరిపితే ఆ చక్రం షాఫ్టు పొడుగునా జరుగుతుంది, స్పీడు మారుతుంది. 33, 45, 78 అన్నీ ఉంటాయి, మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు కూడా. పాత 78లు అన్నీ సరిగ్గా 78 మీద కోసినవి కావు కాబట్టి శ్రుతి సరిచేసుకోడానికి ఇది ఎంతో ఉపయోగం. ఇంత తెలివైన ఏర్పాటు నేను లేత్ మిషన్లలో కూడా తక్కువే చూశాను.

విప్పి చూస్తే లోపల రోగం ఏమీ లేదు. బేరింగులో నూనె జిగురైపోయింది. కిరసనాయిలుతో కడిగి కొత్త నూనె వేశాను. రబ్బరు చక్రం మొహం నున్నగా మెరుస్తుంటే స్పిరిట్‌తో తుడిచాను. స్ప్రింగులకి మన ఉప్పుగాలి తుప్పు పట్టించింది, అంతే. మోటారు, బేరింగు, పళ్ళెం మూడూ గట్టిగా ఉన్నాయి. పోయింది ఒక్క ఆర్మ్. ఆర్మ్ పైకీ కిందకీ ఆడటానికి కత్తి అంచులాంటి ఇరుసు ఉంటుంది. అది రెండు చిన్న వీ ఆకారపు దిమ్మల్లో కూర్చుంటుంది. ఈ మోడల్లో ఆ దిమ్మలు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పొడిపొడిగా రాలిపోతాయి. అది ఈ లెన్‌కోలన్నిటికీ వచ్చే జబ్బే. ఆ దిమ్మలు నేనే నైలానుతో కోసి ఇవ్వగలను. కానీ గమ్ము పోసిన పుణ్యాత్ములు ఇరుసుని కూడా పాడుచేశారు. అందుకని ఆర్మ్ మొత్తం మార్చాలని తేల్చాను.

తెలియనివారి కోసం: టోన్ ఆర్మ్ అంటే ఏతాం లాంటిది. మధ్యలో ఇరుసు, వెనక బరువు, ముందు ముల్లు. వెనక బరువు జరిపి ముందు ఎంత ఒత్తిడి పడాలో తేలుస్తాం. దీన్ని మార్చడానికి సంగీత జ్ఞానం అక్కర్లేదు. మిల్లీమీటరు మీద గౌరవం ఉంటే చాలు.

కొత్త ఆర్మ్ ఎక్కడ దొరుకుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లండ్‌లో ఎస్ఎంఈ వాళ్ళు 2019 చివర్లో ఆర్మ్‌లు విడిగా అమ్మడం మానేశారు. జపాన్‌లో జెల్కో 2020లో మూతపడింది. రేగా వాళ్ళవి ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. కానీ వాటికి హెడ్ ఊడి రాదు, ఆర్మ్‌తో కలిసే ఉంటుంది. డాక్టరమ్మ గారి బీరువాలో 78లు కూడా ఉన్నాయి కదా, హెడ్‌షెల్ ఊడదీసి మార్చుకునే రకమైతేనే సుఖం, ఎల్పీకి ఒకటి, 78కి ఒకటి. అందుకని ఆవిడ మనవడు విదేశం నుంచి వస్తూ ఒక పాత జెల్కో తెచ్చాడు. కస్టమ్స్, కొరియరు టెన్షన్ లేకుండా మనుషుల చేత తెప్పించుకోవడమే నయం. కోనసీమలోనూ మా వైపూ గల్ఫ్‌లోనో అమెరికాలోనో మనిషి లేని వీధి ఏది?

ఇక అసలు పని. ఫ్యాక్టరీలో రికార్డు కోసేటప్పుడు కోత ముల్లు అంచు నుంచి మధ్యకి తిన్నగా గీత మీద జరుగుతుంది. మన ఆర్మ్ ఒక చోట బిగించి ఉంటుంది కాబట్టి వంపులో తిరుగుతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి హెడ్‌ని లోపలికి కాస్త వంచి, ముల్లు పళ్ళెం మధ్యనున్న స్పిండిల్ని దాటి కొంచెం ముందుకి పడేలా చేస్తారు. నా చేతికొచ్చిన ఆర్మ్‌కి స్పిండిల్ నుంచి ఇరుసు దూరం 214 మిల్లీమీటర్లు, ముల్లు స్పిండిల్ని దాటాల్సింది 15. ఇలా బిగిస్తే రికార్డు మీద రెండు చోట్ల ముల్లు గాడికి సరిగ్గా తిన్నగా ఉంటుంది. మిగతా చోట్ల తేడా చెవికి తెలియనంత తక్కువ. ఇరుసు ఒక్క రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే మొదటి పాట బాగానే ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ గొంతు చిట్లుతుంది. 33 స్పీడులో బయటి గాడి ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్లు పరుగెడితే, లోపలి గాడి 21 సెంటీమీటర్లే కదులుతుంది. అదే పాట ఆ కాస్త జాగాలో ఇరుక్కుని ఉంటుంది. అందుకే అక్కడ తప్పు బయటపడుతుంది. ఆఖరి పాటలో స్వరం బొంగురుపోతే "రికార్డు అరిగింది" అనేస్తారు. చాలాసార్లు రికార్డు తప్పు కాదండీ, కొలత తప్పు.

214 ఎలా కొలవాలి? స్కేలు పెట్టి చూస్తే కుదరదు, మధ్యలో స్పిండిల్ లావుగా ఉంటుంది, దాని కేంద్రం ఎక్కడో కంటికి కనపడదు. స్పిండిల్ మీద జారుగా కూర్చునే ఇత్తడి బుష్షు ఒకటి కోశాను. దానికి ఒక పట్టీ బిగించి, పట్టీ రెండో చివర గీత గీసే ముల్లు పెట్టి, బుష్షు కేంద్రం నుంచి ముల్లు మొన దాకా వెర్నియర్‌తో (సన్న కొలతలు చూసే స్కేలు) 214కి సెట్ చేశాను. ఇప్పుడు పట్టీని స్పిండిల్ చుట్టూ తిప్పితే ఒక వంపు గీత పడుతుంది. ఇరుసు ఆ గీత మీద ఎక్కడున్నా లెక్క తప్పదు. కాబట్టి ఆర్మ్ ఆనించుకునే కొక్కెం, మూత, వెనక బరువు ఇవన్నీ ఎక్కడ అడ్డం రావో చూసుకుని ఆ గీత మీదే ఒక చోట సెంటర్ పంచ్ కొట్టాలి. ఐటీఐ చదివి మా దగ్గర చేరిన కుర్రాడు ఈ గీత గీశాడు. నేను పక్కన నిలబడి టీ తాగాను.

పాత ఆర్మ్ బెజ్జం కొత్త దానికి సరిపోదు. అలాంటి పాత ప్లేయర్ల పై రేకు కొయ్యడం పాపమనేవాళ్ళున్నారు. అమ్ముకునేవాడికి అది నిజం, వినేవాడికి కాదు. నేను పాత బెజ్జాన్ని ఆకురాయితో కాస్త సాగదీసి, దాని మీద మందపాటి అల్యూమినియం పలక బిగించి, అసలు బెజ్జం ఆ పలకకి వేశాను. చెక్క పెట్టమని ఒకాయన సలహా ఇచ్చారు. వానాకాలంలో మన తలుపులు గడపల్లో ఎలా బిగుసుకుపోతాయో చూసినవాణ్ణి, నాకు ధైర్యం చాలలేదు. ఒక హెచ్చరిక: ఆకురాయి పట్టే ముందు మోటారు, బేరింగు, పళ్ళెం అన్నీ బయటికి తీసెయ్యాలి. ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీ, కార్ట్రిడ్జి అంటారు, అందులో అయస్కాంతం ఉంటుంది. ఇనుప రజను ఒక్క పలుకు మిగిలినా సరాసరి వెళ్ళి అక్కడే అంటుకుంటుంది.

ఆర్మ్ లోపలి తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. తెలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. తెలుపు-నీలం ఎడమ స్పీకరుకి, ఎరుపు-ఆకుపచ్చ కుడి స్పీకరుకి. హెడ్‌షెల్‌లో వాటి చివరనున్న బుల్లి క్లిప్పుల్ని కార్ట్రిడ్జి పిన్నులకి తొడగాలి. ఆ పని నా వేళ్ళతో అయ్యేది కాదు, పట్టకారు పెట్టి నొక్కితే క్లిప్పు చప్పబడిపోతుంది. మా ఆవిడది నరసాపురం దగ్గర సీతారాంపురం. చిన్నప్పటి నుంచి లేసు అల్లిన చెయ్యి. కళ్ళజోడు పెట్టుకుని, కొక్కెం సూది మొనతో క్లిప్పుని వెనక నుంచి నెమ్మదిగా నెట్టి నాలుగూ తొడిగేసింది. "ఇంతేనా? దీనికేనా పొద్దున్నుంచి బిక్కమొహం పెట్టారు?" అంది. చెన్నైలో ఇంతకన్నా నేర్పైన వేళ్ళు ఉన్నాయంటే నేను నమ్మను.

ముల్లు ఒత్తిడి చూడటానికి మా వీధి చివర కంసాలి గారి దగ్గర చిన్న కాటా అరువు తెచ్చాను. గ్రాములో నూరోవంతు చూపిస్తుంది. అందులో రెండు తిరకాసులున్నాయి. కాటా పళ్ళెం రికార్డు కన్నా ఎత్తులో ఉంటుంది, అంత ఎత్తున తూస్తే తూకం తప్పు చూపిస్తుంది. పైగా అది స్టీలు, కార్ట్రిడ్జి అయస్కాంతం దాన్ని లాగుతుంది. అందుకని అల్యూమినియం పట్టీని మెట్టులా వంచి కాటా మీద ఒక చివర ఆనించి, రెండో చివర రికార్డు ఎత్తుకి కిందికి వచ్చేలా చేసి, కాటాని సున్నా చేసి, ఆ చివర మీద ముల్లు దించాను. ఎల్పీకి వేసిన ఆడియో టెక్నికా వీఎం95ఈ ముల్లుకి 2 గ్రాములు, అదే కంపెనీ 78 ముల్లుకి 5 గ్రాములు. 78 గాడి వెడల్పు ఎల్పీ గాడికి మూడింతలు ఉంటుంది. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున పడి గీకుతుంది, పాట కన్నా గరగర ఎక్కువ వినిపిస్తుంది.

గాడికి ముల్లు కోణం సరిచూడటానికి కాయితం మీద అచ్చు వేసుకునే కొలబద్ద దొరుకుతుంది. జిరాక్సు షాపులో ప్రింటు తీయించేటప్పుడు కంప్యూటరు దాన్ని పేజీకి సర్దేసి కుదించేస్తుంది. 100 మిల్లీమీటర్లు ఉండాల్సిన గీత నాకు 97 వచ్చింది. వెర్నియర్ పెట్టి చూడకుండా వాడితే ఇంత శ్రమా బూడిదలో పన్నీరే. ప్లేయరు కింద రసమట్టం పెట్టి సమం చూడటం, ఎర్త్ తీగ యాంప్లిఫయరుకి బిగించడం వగైరా అందరికీ తెలిసినవే. ఎర్త్ మాత్రం ఇంట్లో సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి, లేకపోతే గుయ్యిమని హమ్ము ఆగదు.

డాక్టరమ్మ గారింట్లో బిగించి ముందు బాలమురళి గారిని వేశాం. ఆవిడ ముందు వైపు వదిలేసి, ఆఖరి పాట మీద ముల్లు పెట్టమన్నారు. రోగిని ఎక్కడ నొక్కి చూడాలో తెలిసిన మనిషి. పాటంతా కదలకుండా విని, "ఆ పావలా ఏదయ్యా? బిల్లు కట్టాను, అది నాది" అన్నారు. ఇచ్చేశాను.

ఇప్పుడు నా మనవి. బాగుచేసేవాళ్ళు లేరని మీరు రాస్తే, చదివినవాళ్ళు ఇంట్లో ఉన్నది పాత సామాన్లవాడికి ఇచ్చి, సూట్‌కేసులాంటి కొత్త ప్లేయరు కొంటారు. అలాంటివాటిలో చాలావాటికి తేలికపాటి పళ్ళెం, సెరామిక్ కార్ట్రిడ్జి, ఐదారు గ్రాముల ఒత్తిడి. పాత ఎల్పీ మీద అది రోజూ తిరిగితే ఏమవుతుందో పావలా కథలో చెప్పాను. మీ వ్యాసంలో పెద్ద ఫోటో వేసిన ఇత్తడి గొట్టం గ్రామఫోను లాంటివి కూడా బజార్లో చాలా వరకు ఈమధ్య అతికించి పాలిష్ పెట్టినవే, కొనేముందు నలుగురిని అడగమని చెప్పాల్సింది. మన జిల్లాల్లో లేత్ షాపు లేని ఊరు లేదు, కంసాలి లేని వీధి లేదు. షాఫ్టుకి బేరింగు బిగువుగా కూర్చోబెట్టగలిగిన ప్రతివాడూ ఈ పని చెయ్యగలడు. కావాల్సిందల్లా చేసేవాడి చేతికి కొలతలు ఇవ్వడం. అందుకే ఇంత రాశాను. నా ఫోన్ నంబరు మాత్రం వెయ్యకండి, చెరువుల సీజన్లో ఏరేటర్లు పీకల మీద ఉంటాయి.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో ఉన్నది రేడియోగ్రామ్‌లో (రేడియో, ప్లేయరు కలిసిన పెట్టె) బిగించిన ఆటోఛేంజర్ అయితే, అంటే రికార్డులు వరసగా పేరిస్తే ఒకదాని తర్వాత ఒకటి అదే పడే రకమైతే, దానికి ఆర్మ్ మార్చే ఆలోచన పెట్టుకోకండి. పాట అయిపోగానే ఆర్మ్‌ని ఎత్తి పక్కకి తీసుకెళ్ళే లివర్లన్నీ కింద దానికే తగిలించి ఉంటాయి. వేరే ఆర్మ్ పెడితే అవేవీ పనిచెయ్యవు. అలాంటిదానికి కార్ట్రిడ్జి ఒక్కటే మార్చండి. ఆర్మ్ మధ్యలో ఆగిపోతుంటే ముందు కింది గ్రీజు చూడండి, అది మైనంలా గట్టిపడి ఉంటుంది. పాతది మొత్తం తుడిచి కొత్తది పల్చగా రాయండి, రబ్బరు చక్రానికి మాత్రం అంటనివ్వకండి.

ఇట్లు,
లేత్ షాపు యజమాని,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా